ఫోన్‌కి చెప్పుకున్న మాట

కిందటి వేసవిలో మా ఇంట్లో వాళ్ళందరూ నేను ప్రాణం తీసుకుంటానేమోనని హడలిపోయారు. ఆ సంగతి తెలియనిది నాకూ, మా ఆవిడకీ మాత్రమే.

మొదట మా అబ్బాయి కిరణ్‌కుమార్ మారాడు. బెజవాడ వన్‌టౌన్‌లో మాకు చీరల కొట్టు ఉంది. పెడన నుంచి మూటలు మోసుకొచ్చి ఇల్లిల్లూ తిరిగి అమ్మిన రోజుల నుంచి నేను పెంచుకున్న వ్యాపారం. ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. నేను రోజూ ఓ పూట వెళ్ళొస్తానంటే, "ఎందుకు నాన్నా ఈ ఎండల్లో, ఇంట్లో ఫ్యాన్ కింద పడుకోక" అని విసుక్కునేవాడు. అలాంటివాడు రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కారు తలుపు తీసి పట్టుకుని, "మీరు రాకపోతే బేరాలు సాగట్లేదు నాన్నా, పదండి" అన్నాడు. కొట్టులో నన్ను గల్లా పక్కన కూర్చోబెట్టుకునేవాడు. బాత్‌రూమ్‌కి లేస్తే వెనకాలే గుమాస్తాని పంపేవాడు.

తర్వాత కోడలు నాగవేణి. నా బీపీ మాత్రల డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. పూటకో మాత్ర నా అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది.

"మర్చిపోతున్నారు కదా మావయ్యగారూ" అంది.

నేనేదీ మర్చిపోలేదు. చిన్నప్పటి నుంచీ నా గొడవ నాది. కొట్టులో పగలంతా అంచుల గురించీ కొంగుల గురించీ వాగి వాగి ఇంటికొచ్చాక నోరు మెదపను. అది మతిమరుపు కింద లెక్క కట్టిందేమోలే అని ఊరుకున్నాను.

అసలు విడ్డూరం వెంకటప్పయ్యది. వాడూ నేనూ పెడనలో ఒకే బడిలో చదువుకున్నాం. ఇప్పుడు మా వెనక వీధిలోనే ఉంటున్నాడు. పది అడుగులు వేయాలంటే ఆటో పిలిచే మనిషి. అలాంటివాడు పొద్దున్నే మా గుమ్మంలో బూట్లు వేసుకుని ప్రత్యక్షమై, "పదరా ఆదిశేషూ, వాకింగ్‌కి" అన్నాడు. బెంజ్ సర్కిల్ దాకా నడిచే సరికి రొప్పుతున్నాడు. ఫ్లైఓవర్ కింద ఆగి, నా భుజం మీద చెయ్యేసి, "జీవితం చాలా గొప్పదిరా" అన్నాడు.

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఏమైందిరా నీకు? డాక్టరేమన్నాడు?" అనడిగాను.

వాడు నావంక అదోలా చూసి, చెమట తుడుచుకుని మళ్ళీ నడక మొదలుపెట్టాడు. ఆ వారమంతా నేను వాడికేదో పెద్ద జబ్బు చేసిందనే అనుకున్నాను. వాడి మీద జాలితోనే రోజూ నడిచాను.

మా ఆవిడ రావమ్మ ఒక్కతే ఎప్పటిలాగే ఉంది. ఇంట్లో ఎవరొచ్చినా ముందు నవ్వు, తర్వాత మంచినీళ్ళు, ఆ తర్వాత ఏదో ఒకటి తినేదాకా ఒప్పుకోకపోవడం. మా పటమట అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడంటే ఇష్టం. ఆవిడ మాట్లాడేది తక్కువే, కానీ నలుగురూ చెప్పింది వింటూ నవ్వే మనిషి చుట్టూ జనం చేరతారు కదా. అయితే ఆ వేసవి మొదట్లో ఎందుకో ఆ చేరడం కాస్త తగ్గింది. ఎండలకనుకున్నాను.

ఇదంతా ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఎండలు ముదరకముందు, శ్రీదుర్గ అనే అమ్మాయి మా అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. ఒక మెడికల్ కాలేజీ వాళ్ళ తరఫున పనిచేస్తోంది. అరవై దాటినవాళ్ళని కింద హాల్లో కూర్చోబెట్టి, పెద్దవాళ్ళ ఒంటరితనాన్ని ఫోన్‌తో కొలవొచ్చా, దిగులు ముదిరి ప్రాణం మీదికి రాకముందే పసిగట్టొచ్చా అన్నది తమ పరిశోధన అని చెప్పింది.

"ఒంటరితనాన్ని కొలవడమేంటమ్మా? అదేమన్నా గుడ్డా, మీటర్లలో కొలవడానికి?" అన్నాను. అందరూ నవ్వారు. రావమ్మ కూడా నవ్వింది.

"మీటర్లలో కాదు బాబాయిగారూ. రోజూ సాయంత్రం ఫోన్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. తెర మీద తెలుగులో వస్తాయి. మీరు బొమ్మలు నొక్కితే చాలు. ఎంత తిరుగుతున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు, అదీ చూస్తుంది. మీ మాటలేవీ వినదు. జవాబులు మాత్రం మేం చూస్తాం. ఏదైనా తేడాగా ఉంటే మీ ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో చెప్పండి" అంది.

మా ఇద్దరికీ కిరణ్ నంబరే ఇచ్చాం. తలా ఒక కొత్త ఫోన్ ఇచ్చింది. మాట్లాడుకోవడానికి కాదు, ఎప్పుడూ దగ్గర ఉంచుకుని ఆ ప్రశ్నలకి జవాబులివ్వడానికే. రెండూ ఒకే రకం, రెండింటికీ నల్ల కవర్లు. కవర్ల వెనక మా పేర్లు రాసి అంటించింది. నేను జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి. సాయంత్రం ఫోన్ గుర్తు చేయగానే, ప్రశ్నలు సరిగా చదవకుండానే అన్నిటికీ నవ్వు మొహం బొమ్మ నొక్కిపారేసేవాణ్ణి.

ఇక ఆ ఆదివారం సంగతి. పొద్దున్న లేచి చూస్తే బాత్‌రూమ్ తలుపుకి గడియ లేదు. మరలు ఊడదీసిన కన్నాలు మాత్రం ఉన్నాయి. కిరణ్ చేతిలో స్క్రూడ్రైవర్.

"ఏంట్రా ఇది? నేనేమన్నా పసివాణ్ణా? కొట్టుకెళ్తే వెనకాల మనిషి, మాత్ర మింగితే ఎదురుగా మనిషి, ఇప్పుడు తలుపుకి గడియ కూడా ఉండకూడదా?" అని అరిచాను. నేనంత గట్టిగా అరవడం వాడు పుట్టాక ఎప్పుడూ విని ఉండడు.

వాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీకేం తక్కువ చేశామో చెప్పండి నాన్నా. మమ్మల్ని వదిలేసి పోవాలని ఎందుకనిపిస్తోంది మీకు?"

నాకేమీ అర్థం కాలేదు. నాగవేణి వచ్చి మెల్లగా చెప్పింది. వారం కిందట శ్రీదుర్గ కిరణ్‌కి ఫోన్ చేసిందట. నాన్నగారి జవాబులు చాలా కంగారుగా ఉన్నాయి, ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకురండి అందట. నాతో ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక, వెంకటప్పయ్యకి మాత్రం చెప్పి, ఇవాళ రేపు అంటూ కిరణ్ నాన్చుతూ వచ్చాడట. అమ్మకి తెలిస్తే తట్టుకోలేదని ఆవిడకి మాత్రం చెప్పలేదు. ఇక లాభం లేదని శ్రీదుర్గ తనే వస్తానందట, ఆ రోజే.

అన్నట్టే పది గంటలకల్లా వచ్చింది. ఎండలో స్కూటీ మీద వచ్చినట్టుంది, మొహం కందిపోయింది. మంచినీళ్ళు తాగి నా ఎదురుగా కూర్చుంది.

"బాబాయిగారూ, నేను సూటిగా అడుగుతాను. మీరూ సూటిగా చెప్పండి. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా?"

డెబ్బై దాటిన నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు. విచిత్రమేమిటంటే, అడిగితే కోపం రాలేదు.

"లేదమ్మా. దుర్గమ్మ సాక్షిగా లేదు. వేళకి ఆకలేస్తోంది, పడుకుంటే నిద్రపడుతోంది. ఈ వారం వీళ్ళు పెట్టిన పోరు తప్ప నాకే బాధా లేదు."

ఆ అమ్మాయి నా కళ్ళలోకి కాసేపు చూసింది. తర్వాత తన దగ్గరున్న ట్యాబ్ తీసింది.

"మరి ఈ జవాబులు ఎవరివి బాబాయిగారూ? నలుగురిలో ఉన్నా ఒంటరిగా అనిపిస్తోందా అంటే, ఎప్పుడూ అని నొక్కారు. మీరు లేకపోయినా ఎవరికీ లోటు ఉండదనిపిస్తోందా అంటే, అవును. పొద్దున్నే మెలకువ రాకుండా ఉంటే బాగుండునా అంటే, చాలాసార్లు అనిపిస్తోంది అని. పైగా మీ ఫోన్ ఈ మధ్యంతా అపార్ట్‌మెంట్ గేటు దాటనే లేదు."

"గేటు దాటకపోవడమేంటి? రోజూ కొట్టుకి వెళ్తున్నానా! రెండు వారాల కిందట వెంకటప్పయ్య మనవరాలి అన్నప్రాసనకి కొండపల్లి కూడా వెళ్ళొచ్చా. ఫోన్ నా జేబులోనే ఉంది."

"అవునండీ. నేనే బస్సెక్కించాను" అన్నాడు కిరణ్.

శ్రీదుర్గ ట్యాబ్ మీద వేలితో ఏదో వెతికింది. "కొండపల్లి వెళ్ళిన ఫోన్ మీది కాదు" అని ఆగిపోయింది.

అప్పుడే రావమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చింది. అందరి మొహాలూ చూసి, ఎప్పటిలాగే నవ్వి, ఒక్కొక్కరికీ గ్లాసు అందించి, ఖాళీ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నడుముకి చిన్న గుడ్డ సంచి ఉంది. దాన్లో నల్ల కవరు వేసిన ఫోన్.

నాగవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఫోన్లిచ్చిన మర్నాడే ఆవకాయ కలిపాం కదా, ఆ రోజు అత్తయ్యగారి ఫోన్‌కి నూనయింది. మావయ్యగారిదీ జిడ్డుగా ఉంటే రెండు కవర్లూ కడిగి ఆరబెట్టి మళ్ళీ తొడిగాను. ఫోన్లు మారిపోయాయేమో..."

కిరణ్ తల తిప్పి వంటగది వైపు చూశాడు. నేనూ చూశాను.

"పిన్నిగారితో నేను మాట్లాడతాను" అంది శ్రీదుర్గ లేవబోతూ.

"ముందు నన్ను అడగనియ్యమ్మా."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "సరే. కానీ చుట్టూ తిప్పి అడగొద్దు బాబాయిగారూ. నేను మిమ్మల్ని అడిగినట్టే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. నేనిక్కడే ఉంటాను."

వంటగదిలో రావమ్మ నేల మీద కూర్చుని తాటిముంజలు వలుస్తోంది. వీపు నావైపు ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిణ్ణి నేను అడిగినవన్నీ, అన్నమైందా, చొక్కా ఎక్కడుంది, కరెంటు బిల్లు కట్టావా లాంటివే. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"రావమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

ఆవిడ వెనక్కి తిరగకుండానే, "ఆఁ, ఇదిగో తెస్తున్నానండీ. ఫ్రిజ్‌లో పెట్టినవి ఇంకాస్త చల్లబడనివ్వండి" అంది.

మళ్ళీ అన్నాను, కాస్త గట్టిగా. ఈసారి, "ఉప్పెందుకండీ ముంజల్లోకి?" అంది.

ఆవిడకి నా గొంతు వినపడుతోంది. మాట వినపడటం లేదు.

వెళ్ళి ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాను. మోకాళ్ళు ఫెళఫెళమన్నాయి. ఆవిడ ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసింది. కాదు, నా పెదాల వంక చూసింది. ఎన్నాళ్ళ నుంచి అలా చూస్తోందో! నేను మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, మూడోసారి అడిగాను.

ఆవిడ మొహం మీద నవ్వు దానంతటదే ఆరిపోయింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే చెప్పావు. ఫోన్‌కి చెప్పావుగా."

"అది ఎవరికీ కనపడదనుకున్నాను." చేతిలో ముంజని అటూ ఇటూ తిప్పింది. "ఆ అమ్మాయి కింద హాల్లో ఏదో చెప్పింది. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఫోన్ అడిగేది కంటికి కనపడుతుంది కదండీ. మనుషులు అడిగితే చెవికి వినపడాలి. రోజూ సాయంత్రం అదొక్కటే నన్ను ఎలా ఉన్నావని అడిగేది. నాకు అర్థమయ్యేలా అడిగేది. అందుకని దానికి నిజం చెప్పాను."

"అనిపిస్తోందా?"

"అనిపిస్తోందండీ. రోజూ కాదు. ఎక్కువ రోజులే."

ఇక ఆపకుండా చెప్పింది. చెవులు మందగించి రెండేళ్ళు దాటిందట. ముందు టీవీ మాటలు పోయాయి, తర్వాత ఫోన్లో పెడన చుట్టాల మాటలు, తర్వాత కొడుకూ కోడలూ భోజనాల దగ్గర చెప్పుకునే కబుర్లు. నేనెలాగూ మాట్లాడను కాబట్టి నా దగ్గర ఏ ఇబ్బందీ రాలేదట. ఆ మాట తిట్టినట్టు అనలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. చెవుడొచ్చిందంటే అందరూ అరిచి మాట్లాడతారనీ, ముసలిదని పక్కన కూర్చోబెడతారనీ భయపడి, నవ్వుతూ నెట్టుకొచ్చింది.

"ఉగాది వెళ్ళాక కింద హాల్లో భజన దగ్గర మూడో అంతస్తు మహాలక్ష్మమ్మగారు ఏదో చెబుతోంది. పక్కవాళ్ళు ఇంకేదో చూసి నవ్వుకుంటుంటే, ఆవిడ మాటకేననుకుని నేనూ నవ్వాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది, వాళ్ళ తమ్ముడు పోయిన సంగతి చెబుతోందట. నాతో మాట్లాడటం మానేసింది. మిగతావాళ్ళూ ముక్తసరిగా ఉంటున్నారు. అప్పట్నించీ భజనకి వెళ్ళట్లేదు. మీకు అనుమానం రాకూడదని సంచి పట్టుకుని కిందికి దిగేదాన్ని. సెల్లార్‌లో జనరేటర్ వెనక కుర్చీలో గంట కూర్చుని పైకొచ్చేసేదాన్ని."

కోడల్ని పిలవలేదు, కొడుకుని పిలవలేదు. నాకు తోచింది ఒక్కటే. ఆవిడ చేతిలోని ముంజ తీసుకుని, మిగిలిన పొర వలిచి, తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాను. తింది. తిన్నాక ఏడ్చింది. ఆ ఏడుపు విని శ్రీదుర్గ వచ్చి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళాం. శ్రీదుర్గ ముందే చెప్పి ఉంచడంతో, ఆదివారమైనా పెద్ద డాక్టరుగారు వచ్చి ఆవిడతో ఎదురెదురుగా, తీరిగ్గా మాట్లాడారు. చెవుల పరీక్ష కూడా చేయించారు. చివర్లో మా అందరినీ పిలిచి, "చెవి మిషన్ ఒక్కటే పెట్టేసి అయిపోయిందనుకోకండి. దిగులు కూడా జబ్బే. మందు వాడాలి, వారం వారం వచ్చి మాట్లాడాలి, కొన్నాళ్ళు ఒంటరిగా వదలకూడదు" అన్నారు.

నా చుట్టూ పెట్టిన కాపలా అంతా అలా రావమ్మ వైపు తిరిగింది. తేడా ఏమిటంటే ఈసారి ఎవరూ దాచలేదు. ఎందుకు కూర్చుంటున్నామో ఆవిడకి చెప్పే కూర్చున్నాం. వెంకటప్పయ్యకి సంగతంతా చెబితే, ముందు కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత "అయితే రేపణ్ణించి నేను నడవక్కర్లేదుగా" అన్నాడు. నాకంటే వాడే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాడు.

మంత్రం వేసినట్టు ఏమీ జరగలేదు. మొదటి రెండు వారాలూ ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్న రోజులున్నాయి. మందులు నోరు ఎండబెట్టాయి. నేను కొట్టు మానేసి పక్కనే కూర్చునేవాణ్ణి. ఏం మాట్లాడాలో తెలియక, పెడనలో మొదటి మూట భుజానికెత్తుకున్న రోజు నుంచి మొదలుపెట్టి, ఎదురుగా కూర్చుని, ఆవిడ చూస్తుండగా మెల్లగా చెప్పుకుంటూ పోయాను. కొన్ని సంగతులు ఆవిడకి మొదటిసారి తెలిశాయి. "ఇన్ని కబుర్లున్నాయా మీ దగ్గర!" అంది ఒకరోజు. ఆ మాటన్నాక కాస్త అన్నం ఎక్కువ తింది.

తర్వాత చెవి మిషన్ వచ్చింది. పెట్టుకున్న మొదటి రోజు ఇంట్లో రణగొణే. "మన ఫ్రిజ్ ఇలా అరుస్తుందా?" "ఈ కుక్కరెవరు కొన్నారు?" "ఆ ఫ్యాన్ ఆపండి బాబూ, తల తిరుగుతోంది." ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర హారన్లకి బెదిరిపోయి, పీకి సంచిలో పడేసింది. ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టుకుంది. రోజుకి కాసేపు, తర్వాత పూటంతా.

ఒకరోజు సాయంత్రం చీర మార్చుకుని, "మహాలక్ష్మమ్మగారింటికి వెళ్ళొస్తా" అంది. నాగవేణి తోడు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. నాగవేణే చెప్పింది. అత్తయ్యగారు చెవి మిషన్ తీసి ఆవిడ చేతిలో పెట్టి, "ఇది లేక నవ్వానమ్మా ఆ రోజు" అన్నారట. మహాలక్ష్మమ్మగారు లోపలికెళ్ళి తమ్ముడి ఫోటో తెచ్చి, ఆ కథంతా మొదటి నుంచీ మళ్ళీ చెప్పిందట. రావమ్మ ఈసారి ప్రతి మాటా వింది.

వర్షాలు పడ్డాయి. బందరు కాలువకి నీళ్ళు వదిలారు. శ్రీదుర్గ వచ్చి ఫోన్లు సరిచేసి ఇచ్చి వెళ్ళింది. డాక్టరుగారు మందు మోతాదు తగ్గించారు, ఇంకొన్నాళ్ళు వాడమన్నారు. బాత్‌రూమ్ తలుపుకి గడియ మళ్ళీ వచ్చింది. కిరణ్ భోజనాల దగ్గర తల్లికి ఎదురుగా కూర్చుంటున్నాడు. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడితే ఆవిడ ఊరుకోవడం లేదు.

ఆషాఢం చివర్లో ఒక సాయంత్రం, వాన వెలిసి చల్లగా ఉంది. నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని పేపర్ చూస్తున్నాను. రావమ్మ వంటగదిలో నుంచి, తడి గొడుగు హాల్లో పెట్టొద్దని ఒకసారి చెప్పింది. తర్వాత చెప్పులు బయట విడవమని చెప్పింది. మళ్ళీ గొడుగు సంగతే ఎత్తింది. నేను లేవకుండా, గొంతులోనే, పక్కనున్న మొక్కలకి కూడా వినపడనంత మెల్లగా, "ఈవిడ నస ఎక్కువైపోయింది" అని గొణుక్కున్నాను.

"వినపడిందండీ!" అంది లోపల్నుంచి.

కిరణ్ హాల్లో పకపకా నవ్వాడు. నేను లేచి వెళ్ళి గొడుగు తీశాను. భార్య చేత మాట పడి అంత సంతోషించిన మగవాడు ఆ రోజు బెజవాడ మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను.